ఇసకబస్తాలకు బదులుగా

ఇసకబస్తాకి నోరు లేదు కాబట్టి ఆ వేసవిలో మమ్మల్ని కారెక్కించారు.

యుద్ధం అయిపోయి రెండేళ్ళు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మొరావియా కొండల కింద మా ఊరి చుట్టూ బంగాళాదుంప మళ్ళు నెర్రెలిచ్చాయి. ఆవులకి మేత లేక జనం చెట్ల ఆకులు దూసి పెడుతున్నారు. అయినా మా ఫ్యాక్టరీలో మాత్రం ఎవరి నోట విన్నా కొత్త కారు సంగతే. యుద్ధకాలమంతా మావాళ్ళు చేసినవి లారీలు. లారీని చూసి ఎవరూ ముచ్చటపడరు. ఇప్పుడు మనుషులు కూర్చుని షికారెళ్ళే కారు, మొదటి బోల్టు నుంచీ మావాళ్ళే గీసి, మావాళ్ళే చేస్తున్నది. దానికింకా పేరు పెట్టలేదు, రంగు వెయ్యలేదు. ముందు గుండ్రంగా ఉబ్బి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడేది. ఇంజను వెనక. పనివాళ్ళంతా దాన్ని తోకకప్ప అనేవాళ్ళు.

నేను ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషిని. జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆ కారు గీసిన ఇంజినీరు జావ్రెల్ గారు వడ్డించే కిటికీ దగ్గరికి వచ్చి, పళ్ళెం చాపకుండా నన్ను ఎగాదిగా చూశారు, సంతలో గుమ్మడికాయని చూసినట్టు.

"ఏమీ అనుకోకండి ఒట్కాగారూ. మీ బరువెంత?"

నా చేతిలో పులుసు గరిటె ఉంది. ఆయన వెనక నిలబడ్డ డ్రైవరు సిరిల్ ఆ గరిటెని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఎందుకండీ, కోసి పులుసులో వేస్తారా?"

"అయ్యో, కాదు కాదు. కారు వెనక సీట్లో ఇసకబస్తాలు పెట్టి తిప్పుతున్నాం. బస్తా మలుపులో ఒరగదు, గతుకులో ఎగరదు, వేడిగా ఉందని చెప్పదు. నాకు మనుషులు కావాలి. కాస్త బరువున్న మనుషులు."

"అన్నేళ్ళు రేషను తిండి తిన్నాక ఊళ్ళో బరువున్నవాళ్ళెవరండీ? అంతా చీపురుపుల్లలేగా!"

"అందుకేగా మీ దగ్గరికొచ్చింది," అన్నారాయన అమాయకంగా.

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. మా పుట్టింటివాళ్ళది అదో రకం ఒళ్ళు, గాలి పీల్చినా ఒళ్ళు చేస్తుంది.

"ఇంకొకరు కూడా కావాలి. మీలాంటివారు," అన్నారు జావ్రెల్ గారు.

"ఈవిడ అత్తగారున్నారుగా," అన్నాడు సిరిల్. "చర్చిలో ఆవిడ బల్లకి ఒక చివర కూచుంటే రెండో చివర నేను లేస్తాను."

మా అత్తగారి పేరు అపొలేనా. మా ఆయన బెద్రిఖ్ ఆవిడకి ఒక్కడే కొడుకు. యుద్ధంలో జర్మనీకి పనికి పట్టుకుపోయారు, అక్కడ ఫ్యాక్టరీ మీద బాంబు పడి పోయాడు. మాకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో నేనుండడానికి కారణం అతనే. ఆ కారణం పోయాక నేనెక్కడికీ వెళ్ళలేదు, ఆవిడ వెళ్ళమనలేదు. అంతే. ఒకే పొయ్యి మీద పొద్దున ఆవిడ వండేది, సాయంత్రం నేను. బొగ్గులయిపోయాయనో, చక్కెర కూపన్లు వచ్చాయనో తప్ప మా మధ్య మాట ఉండేది కాదు. పోట్లాట కాదది. పోట్లాడుకుంటే అతని పేరు ఎత్తాల్సొస్తుంది.

ఆ సాయంత్రం ఈ సంగతి చెప్పి, వద్దంటుందనే అనుకున్నాను. ఆవిడ అల్లిక పక్కన పెట్టింది.

"ఏం చెయ్యాలట?"

"కూచోడమే."

"ఇంట్లోనూ కూచునే ఉన్నాగా. ఇక్కడి కిటికీ కదలదు, అక్కడిది కదులుతుంది. పద."

మర్నాడు ఆవిడ చర్చికి వెళ్ళేటప్పటి నల్ల గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, దానికి పొడుగాటి పిన్ను గుచ్చుకుని బయల్దేరింది. చంకలో బాతు ఈకల దిండు. కారెక్కుతూనే ఆ పిన్ను పైకప్పు గుడ్డని ఇంత పొడుగున చీల్చింది. జావ్రెల్ గారు ముందు సీట్లోంచి తిరిగి చూసి, "పైకప్పు ఇంకాస్త ఎత్తుండాలి" అన్నారు, ఎంతో ఆనందంగా. బస్తాల వల్ల తెలియని సంగతి మొదటి నిమిషంలోనే తెలిసినందుకు.

ఊరు దాటి కొండ దారి పట్టగానే అసలు పని మొదలైంది. సిరిల్ మలుపు తిప్పితే మా అత్తగారు వచ్చి నా మీద పడింది. మరో మలుపులో నేను వెళ్ళి ఆవిడ మీద పడ్డాను. మూడేళ్ళుగా ఒకే ఇంట్లో భుజానికి భుజం తగలకుండా మసులుకున్నవాళ్ళం! మొదట్లో ప్రతిసారీ "క్షమించండి" అనుకున్నాం. నాలుగు మలుపులయ్యేసరికి ఇద్దరికీ ఓపిక పోయింది.

దానికితోడు ఇంజను మా వీపుల వెనకే. ఆ మోతలో మాట్లాడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఇంట్లో మెల్లిగా కూడా అనుకోని మాటలు అక్కడ అరిచి చెప్పుకోవలసి వచ్చింది.

"నిన్న నీ పులుసులో ఉప్పెక్కువైంది!"

"మరెందుకు తిన్నారు?"

"పారేస్తే పాపం!"

"ఏడాది నుంచీ ఎక్కువేస్తున్నాను. ఇవాళా చెప్పడం?"

"ఇంట్లో అరవబుద్ధెయ్యలేదు!"

ముందు సీట్లో సిరిల్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వాపుకుంటున్నాడని వెనక నుంచి చూసినా తెలుస్తోంది.

అలా రోజూ సాగింది. పొద్దున వంటలు దింపి, గిన్నెలు ఇంకొకరికి అప్పజెప్పి నేను బయల్దేరేదాన్ని. కొండెక్కడం, దిగడం. కిటికీ మూస్తే ఉడుకు, తెరిస్తే దుమ్ము. దిగేసరికి మా ఇద్దరి మొహాలూ పిండి జల్లిన రొట్టెల్లా ఉండేవి. జావ్రెల్ గారు "ఇప్పుడు వీపుకెలా ఉంది? ఇప్పుడు కాళ్ళకి?" అని దారి పొడుగునా అడిగేవారు. మేం అరిచేవాళ్ళం. ఆయనకి సగం వినపడేది కాదు. తలుపుకి రబ్బరు మార్చారు, సీటులో స్ప్రింగులు మార్చారు, ఒకసారి మొత్తం చక్రాలే మార్చారు. ఒక్కటి మాత్రం మారలేదు. మలుపు కొంచెం జోరుగా తిప్పితే కారు వెనక భాగం పక్కకి జారేది. తోకకప్ప తోక ఆడిస్తోందని ఫ్యాక్టరీ అంతా చెప్పుకునేవారు. ఆగస్టు నెలాఖరుకి ప్రాగ్ నుంచి ప్రభుత్వం పంపే కమిషన్ వస్తుంది, ఎక్కి చూస్తుంది. వాళ్ళు కాదంటే ఇక లారీలే గతి.

సిరిల్ గురించి చెప్పాలి. నలభై దాటిన బ్రహ్మచారి. ఫ్యాక్టరీ హాస్టల్లో బాయిలరు గోడ పక్క గది. క్యాంటీన్లో తిన్న పళ్ళేన్ని రొట్టెముక్కతో తుడిచి, కడిగినట్టు చేసి తిరిగిచ్చేవాడు. మాటలు తక్కువ. అతను నా వంక చూస్తున్నాడని నాకు తెలుసు. తెలియనట్టుండడం కూడా నాకు చేతనవును. అంతవరకూ బాగానే ఉంది.

ఒకనాడు కొండ దిగుతుంటే, మామూలు మాటలాగే, ఇంజను మోతకి పైన అరిచింది మా అత్తగారు.

"ఏమయ్యా! ఆ అద్దం రోడ్డు చూడ్డానికా, మా ఒట్కాని చూడ్డానికా?"

జావ్రెల్ గారు తన బూట్ల వంక చూసుకున్నారు. సిరిల్ చెయ్యెత్తి అద్దాన్ని పైకి తోశాడు. ఇక అందులో చినిగిన పైకప్పు తప్ప ఏమీ కనపడలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. దిగాక జావ్రెల్ గారిని పక్కకి పిలిచి, "ఇంకెవరినైనా చూసుకోండి, నేను రాను" అన్నాను.

"అలా అనకండి ఒట్కాగారూ! కొలతలన్నీ మీ ఇద్దరి మీద తీసుకున్నాం. ఇప్పుడు మనిషి మారితే మళ్ళీ జూన్ నుంచి మొదలెట్టాలి."

మానలేకపోయాను. కానీ కిటికీ వంకే చూస్తూ కూర్చునేదాన్ని. ఇంట్లో మా అత్తగారు ఆ మాటెత్తలేదు. ఆవిడ కోపంతో అందా, హాస్యానికందా నాకర్థం కాలేదు. నిజానికి భయమేసింది. ఆ ఇంట్లోంచి నేను వెళ్ళిపోతానని అనుకుంటోందేమో. వెళ్ళిపోవాలనుకుంటున్నానా అని గిన్నెలు తోముతూ నన్ను నేనే అడిగేదాన్ని. సిరిల్ పళ్ళెం తిరిగిచ్చేటప్పుడు ఇప్పుడు తలెత్తేవాడు కాడు. అది బాగాలేదనిపించింది. బాగాలేదని అనిపించినందుకు ఇంకా చికాకేసింది.

ఆ వారమే మా అత్తగారు మలుపుల్లో పట్టుకోడానికి ఏమీ లేదని జావ్రెల్ గారితో గొడవపడింది. ఆయన చూద్దామన్నారు. మర్నాడు కారెక్కేసరికి ఆవిడ వైపు తలుపు పైన మందపాటి తోలు పట్టీ వేలాడుతోంది, చక్కగా కుట్టి, రెండు మేకులతో బిగించి. నా వైపు లేదు. దారిలో ఆగినప్పుడు సిరిల్ ఇంజను చూడ్డానికి వంగాడు. చొక్కా పైకి లేచింది. లాగు జారకుండా నడుముకి గోనె పురికొస కట్టుకుని ఉన్నాడు.

మా అత్తగారు ఆ పురికొస వంక చూసింది, తన చేతిలోని తోలు పట్టీ వంక చూసింది.

ఆగస్టు సగంలో వాన పడింది. నెలల తరబడి ఎదురుచూసిన వాన మేం కొండ మీదుండగా వచ్చింది. మొదట పెద్ద పెద్ద చినుకులు. రోడ్డు మీద అంగుళం మందాన పేరుకున్న దుమ్ము క్షణంలో జిగటగా మారింది. సిరిల్ వేగం తగ్గించాడు. అయినా ఆ మలుపులో తోక కదిలింది. ఈసారి ఆగలేదు. కొండ, ఆకాశం, లోయ, మళ్ళీ కొండ, అన్నీ నా కిటికీలో ఒకదాని వెనక ఒకటి తిరిగిపోయాయి. ఆ తర్వాత పెద్ద కుదుపు. ఆగాం. కారు గుండ్రంగా తిరిగి, రోడ్డు దిగి, ఎవరిదో ప్లమ్ తోటలోకి వెనక్కి దూరింది. చెట్టు కదిలి, పళ్ళు రేకు పైకప్పు మీద టపటపా రాలాయి. ఇంజను ఆగిపోయింది. వేసవి మొత్తంలో మొదటిసారి ఆ కారు నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు గమనించాను. మా అత్తగారి ఒక చెయ్యి తోలు పట్టీని పట్టుకుని ఉంది. రెండో చెయ్యి నా రొమ్ముకి అడ్డంగా, నన్ను సీటుకి అదిమి పట్టుకుని ఉంది. ఊపిరాడటం లేదు.

"అత్తయ్యా, ఆగిందండీ. వదలండి."

వదల్లేదు.

"ఒకడు చాలు," అంది. అరవాల్సిన పనిలేదు కాబట్టి మెల్లిగానే అంది.

సిరిల్ దిగి వచ్చి, మా తలుపు తెరిచి, వానలో టోపీ తీసి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు. "పెద్దమ్మగారూ, తప్పు నాది. నేను..."

"నువ్వు బాగానే నడిపావు. తోకది తప్పు. టోపీ పెట్టుకో, జలుబు చేస్తుంది."

జావ్రెల్ గారు తడి గడ్డిలో చతికిలబడ్డారు. "అయిపోయింది. కమిషన్ వాళ్ళు ఇది చూస్తే కాగితాలు కట్టిపెట్టమంటారు. స్ప్రింగులన్నీ మార్చి చూశాను. ఇంక నా దగ్గరేం లేదు." ఆయన కళ్ళజోడు మీంచి వాననీళ్ళు కారుతున్నాయి. వానే అయ్యుంటుంది.

మా అత్తగారు దిగి, టోపీ తీసి, దాన్ని బోర్లా తిప్పి, రాలిన పళ్ళు అందులో వెయ్యడం మొదలెట్టింది. ఆ ఏడు ఎండలకి పళ్ళు చిన్నవే గానీ తీపి చిక్కగా ఉన్నాయి. "చూస్తారేం అందరూ? ఏరండి. ఎలాగూ రాల్చాం."

తోట యజమాని వచ్చేసరికి నలుగురం వానలో వంగి పళ్ళేరుతున్నాం. ఆయన కారుని చూశాడు, మమ్మల్ని చూశాడు, తన ఎడ్లని తేవడానికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఇద్దరం ఒకేసారి నిలబడ్డాం. పిండి నేను కలిపాను, పళ్ళు పెట్టి ఉండలు ఆవిడ చుట్టింది. మరుగుతున్న నీళ్ళలో ఉండలు తేలుతుంటే, గసగసాలు నూరుతూ, "బెద్రిఖ్ గింజలు ఉమ్మేవాడు కాదు. దాచుకునేవాడు, జేబునిండా" అంది.

"పెళ్ళయ్యాక కూడానండీ. ఉతికేటప్పుడు నేను తియ్యాల్సొచ్చేది."

"నాకు చెప్పనేలేదే!"

"మీరడగలేదు."

ఇద్దరం తిన్నాం. ఉప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు.

రెండు రోజుల్లో సొట్టలు తీసి, కారుని మళ్ళీ నిలబెట్టారు. పొద్దున్నే ఎక్కబోతుంటే మా అత్తగారు ముందుగా వెళ్ళి వెనక సీటు మధ్యలో కూర్చుని, గౌను అటూ ఇటూ పరిచింది. ఇంకొకరికి మూరెడు చోటు మిగిలింది.

"ఇంజినీరుగారూ, ఇవాళ మీరు వెనక్కి రండి. ఒట్కా ముందు కూచుంటుంది."

"ఎందుకండీ?"

"దానికి వెనక కడుపులో తిప్పుతోందట."

పుట్టి బుద్ధెరిగి నాకు కడుపులో తిప్పింది లేదు. అన్ని మలుపుల్లోనూ రొట్టె తింటూ కూర్చున్నదాన్ని. నోరు తెరవబోయాను. ఆవిడ నా వంక చూడలేదు. తోలు పట్టీని అందుకుని, కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టాల్ని ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

ముందు కూర్చున్నాను. సిరిల్ రెండుసార్లు తప్పు గేరు వేశాడు. ఊరు దాటాక ఇద్దరం రోడ్డే చూశాం. అంత అందమైన రోడ్డు నేనెన్నడూ చూడలేదు.

మొన్నటి మలుపు వచ్చింది. సిరిల్ దవడ బిగించాడు. కారు ఎప్పటి జోరుతోనే మలుపు తిరిగింది. తోక, ఎంత బుద్ధిగా, ముందు చక్రాల వెనకే వచ్చింది.

"ఆపు!" వెనక నుంచి జావ్రెల్ గారు పెడబొబ్బ పెట్టారు. "ఆపు! ఆపు!"

దిగి, వాన కడిగిన రోడ్డు మీద అటూ ఇటూ పరుగెత్తారు. "బరువు! ముందుకి రావాలి! అదనపు చక్రం, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, అన్నీ ముక్కులోకి! స్ప్రింగులూ చక్రాలూ పట్టుకు వేలాడాను ఇన్నాళ్ళూ. ఒట్కాగారూ, మీరు ముందు కూచున్నారు కాబట్టి సరిపోయింది!" మళ్ళీ రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు మా అత్తగారి కిటికీ దగ్గర ఆగారు. "అన్నట్టు పెద్దమ్మగారూ, వెనక ఇంత మోతేమిటి? చెవులు పోయేట్టున్నాయి."

"జూన్ నుంచీ అరుస్తున్నామయ్యా. మీకు ముందు వినపడలేదు."

ఆ మోతకి ఆయన సీటు వెనక మందపాటి ఉన్ని ఫెల్టు వేయించారు. బరువులన్నీ ముక్కులోకి మార్చడానికి వర్క్‌షాపువాళ్ళు ఇళ్ళకి వెళ్ళడం మానేశారు. మేం క్యాంటీన్ నుంచి కాఫీ మోశాం, చికోరీ కాఫీయే లెండి. కమిషన్ వచ్చింది. ప్రాగ్ పెద్దమనుషులు కండ పట్టిన మనుషులు కాబట్టి మాతో పనిలేకపోయింది. అదే కొండ, అవే మలుపులు. గేటు దగ్గర ఫ్యాక్టరీ సగం నిలబడింది, మేమిద్దరం కూడా. కారు తిరిగొచ్చింది. వెనక సీట్లోంచి ఒకాయన దిగి, లాగు దులుపుకుని, "పైకప్పు ఎత్తు బాగుంది" అన్నాడు. జావ్రెల్ గారు సిరిల్‌ని కావలించుకుని భోరుమన్నారు. వచ్చే ఏడు నుంచి తయారు చెయ్యమని ఆ సాయంత్రమే చెప్పి వెళ్ళారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం మా ఇంటి తలుపు చప్పుడైంది. సిరిల్. చేతిలో ప్లమ్ సారా సీసా, నడుముకి కొత్త బెల్టు. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. బూట్లు విప్పి, మేజోళ్ళతో నిలబడి, అతను నేల వంక చూస్తున్నాడు. మా అత్తగారు పెట్టె తెరిచి, ఒక జత చెప్పులు తెచ్చి అతని ముందు పెట్టింది. ఇంట్లో వేసుకునేవి, గళ్ళ గుడ్డవి. బెద్రిఖ్‌వి. సిరిల్ పాదాలు చిన్నవి. ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో టపాటపా ఈడ్చుకుంటూ తిరిగాడు.

కాఫీ తాగాక గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మగారూ, నాకున్నది హాస్టల్లో ఒక గది. ఒట్కా ఇక్కణ్ణుంచి రానంటోంది. మీరు ఒప్పుకుంటే... అంటే, నేనే..."

"ఆ చెప్పుల ముందు భాగంలో కాస్త గుడ్డ కుక్కుకో," అంది మా అత్తగారు. "ఇలా ఈడ్చుకుంటూ తిరిగితే నాకు నిద్ర పట్టదు."

ఆపిల్ పళ్ళు కోసే రోజుల్లో టౌన్ హాల్లో మా పెళ్ళయింది. ఇల్లరికం వచ్చిన మొగుణ్ణి చూశారు గానీ, మొదటి మొగుడి ఇంటికి ఇల్లరికం వచ్చిన రెండో మొగుణ్ణి మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కారు తయారై రోడ్ల మీదికి వచ్చాక దాని గురించి మాట్లాడుకోవడంలో పడి మమ్మల్ని మర్చిపోయారు.

ఒక్క చిక్కు మిగిలింది. అతన్ని ఏమని పిలవాలో మా అత్తగారికి తెలియలేదు. అల్లుడు కాదు. కొడుకు అనడానికి నోరు రాదు. చలికాలం వచ్చాక ఒకరోజు ముగ్గురం రొట్టెల దుకాణం ముందు వరసలో ఉన్నాం. కొత్తగా మా వీధిలోకి వచ్చినావిడ సిరిల్ వంక చూసి, "ఈయనెవరండీ?" అంది.

"మా కోడలి మొగుడు," అంది మా అత్తగారు.

ఆ కొత్తావిడ కాసేపు లెక్క వేసుకుంది. "కోడలి మొగుడంటే... మీ అబ్బాయేగా అండీ?"

మా అత్తగారు కూడా కాసేపు ఆలోచించింది.

"ఆ లెక్కన అంతేగా మరి," అని, వరసలో ముందుకి జరిగింది.